స్లాబు పోయక ముందే



పల్నాడు నుండి ఒక సహోదరి గత నెలలో మాకు నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు గనుక వేయడం లేదు. ఆమె భర్తకు మూడు సంవత్సరముల క్రితం పక్షవాతం వచ్చి కుడి ప్రక్క చచ్చుబడింది. అప్పటి నుండి మంచమే. పెద్ద కుమారుడు కువైట్‌లో పని చేసుకుంటూ పంపిన డబ్బుతో రేకుల ఇల్లు తీసివేసి రెండు గదులు, హాలు, వంటగది కట్టుకుంటున్నారు. లింటెల్ వేయడం అయింది. స్లాబుకు కావలసిన డబ్బు వేరుగా దాచి ఉంచారు. అది పోగా చేతిలో మిగిలేది డెబ్బై వేలు.

"ఆ డబ్బుతో ఏ.సి. పెట్టించమ్మా, నాన్నకు చల్లగా ఉంటుంది" అని కుమారుడు ఫోనులో అంటున్నాడట. "పెట్టడం సరే, నెలనెలా కరెంటు బిల్లు ఎవరు కడతారురా" అని తల్లి. ఇద్దరి మాటా న్యాయమే. "అయ్యగారూ, మీరేమి చెబితే అది చేస్తాను" అని ఆమె ఉత్తరం ముగించారు. ఇంత భారం మా మీద పెట్టినందుకు మొదట కొంచెం భయపడ్డాము. మేము ఇంజనీరులము కాము. అయితే పైకప్పు విషయంలో ఒకసారి తప్పు చేసి, దాని ఫలితం చాలా వేసవులు అనుభవించినవారము. ఆ అనుభవంతోనే ఈ జవాబు వ్రాస్తున్నాము.

మా సంఘమునకు పూర్వం పెంకుల గుడి ఉండేది. గోడలు రెండు అడుగుల మందం. సున్నపు గచ్చు. పైన బెంగుళూరు పెంకులు, నడి కొప్పు బాగా ఎత్తు. పెంకుల సందుల గుండా పిచ్చుకలు వచ్చేవి, వానకు నాలుగైదు చోట్ల కారేది. 2008లో దానిని తీసివేసి స్లాబు గుడి కట్టాము. నలభై అడుగుల పొడవు, ఇరవై ఐదు అడుగుల వెడల్పు. ఎత్తు పది అడుగులు చాలు, ఇటుక కలిసి వస్తుంది అన్నారు. మేమూ తల ఊపాము. గోడ పైభాగంలో వెంటిలేటర్లు పెట్టాలని మేస్త్రి అడిగితే, పిచ్చుకల బాధ మళ్ళీ ఎందుకని వద్దన్నది మేమే. జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. ఆ రోజు వచ్చినవారందరూ ఎంత అందంగా ఉన్నదో అన్నారు. జనవరిలో ఏ గుడి అయినా చల్లగానే ఉంటుంది.

మే నెల రెండవ ఆదివారం. ప్రసంగం మధ్యలో ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ సొమ్మసిల్లి ప్రక్కకు ఒరిగిపోయారు. బయటకు మోసుకొని వెళ్ళి, వేప చెట్టు క్రింద పడుకోబెట్టి, తడి గుడ్డ వేస్తే పావుగంటకు తేరుకున్నారు. కళ్ళు తెరిచి ఆమె అన్న మొదటి మాట, "ఇక్కడే బాగుంది, ఇక్కడే ఉండనివ్వండి." ఆ వేసవిలో ఉదయపు ఆరాధన ఆరు గంటలకు మార్చుకున్నాము. సాయంకాల కూడిక చెట్టు క్రిందకు పోయింది. లక్షలు పెట్టి కట్టిన గుడి రెండు నెలలు దాదాపు ఖాళీ.

తరువాత సంఘ పెద్దల కూడికలో ఏ.సి.ల మాట వచ్చింది. మా పెద్దలలో విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఒకాయన కాగితం తీసుకొని లెక్క వేశారు. కూర్చున్న మనిషి ఒంటి నుండి దాదాపు నూరు వాట్ల బల్బు అంత వేడి వస్తుందట. నూరు మంది కూర్చుంటే పది వేల వాట్లు. ఆ వేడి తీయడానికే మూడు టన్నుల ఏ.సి. కావాలి, స్లాబు వేడి సంగతి తరువాత. మొత్తం మీద టన్నున్నరవి ఆరు పెట్టినా చాలతాయో లేదో. ఆరూ నడిస్తే గంటకు తొమ్మిది యూనిట్ల వరకు. అంత లోడుకు త్రీ ఫేజ్ కనెక్షన్ కావాలి. కానుకల పెట్టె తాళం తీసే కోశాధికారి ముఖం చూడవలసి వచ్చింది.

గోపురం కట్టగోరినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన మాట (లూకా 14:28) మేము ఎన్నో సార్లు ప్రసంగించినదే. మేము లెక్క చూశాము గూడా. సిమెంటు, ఇనుము, కూలీ అన్నీ చూశాము. కట్టిన తరువాత ప్రతి వేసవికి అయ్యే ఖర్చు మాత్రం ఆ కాగితం మీద లేదు.

ఆ రాత్రి ఎనిమిది గంటలకు ఆ పెద్దాయన నిచ్చెన వేయించి, మమ్మల్ని ఎక్కి స్లాబు అడుగున చేయి పెట్టమన్నారు. పెట్టాము. రొట్టెలు కాల్చి దించిన పెనంలాగ ఉంది. సూర్యుడు అస్తమించి గంటన్నర అయింది. "అయ్యగారూ, ఎండ ఇంకా మన నెత్తి మీదే ఉంది. దాన్ని పైనే ఆపకుండా క్రింద ఎన్ని మిషన్లు పెట్టినా డబ్బులు దండగ" అన్నారు. ఈ సంగతి మాకు ఏ కళాశాలలోనూ ఎవరూ చెప్పలేదు.

సహోదరీ, మీరు రేకుల ఇంటిలో ఉన్నవారు గనుక ఒక తేడా గమనించాలి. రేకు పదింటికే కాలుతుంది, అయితే ప్రొద్దు వాలగానే చల్లబడుతుంది. స్లాబు అలా కాదు. అది నిదానంగా ఎండను త్రాగి, సాయంత్రం నుండి అర్ధరాత్రి వరకు గదిలోకి విడుస్తుంది. ఆరోగ్యవంతులైతే మంచం ఆరుబయటకు లాగుకుంటారు. మీ భర్తగారు అలా లేచి బయటకు పోలేరు. మీ ఇంటి లెక్క అంతా ఆయన పడుకొనే గది నుండి మొదలు కావాలి.

మన ప్రాంతములో మే మొదటి వారంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు దక్షిణపు గోడకు ఎండ దాదాపు తగలదు. ఉదయం తూర్పు గోడకు, సాయంత్రం పడమటి గోడకు తగులుతుంది. రోజంతా కాలేది పైకప్పు ఒక్కటే. నల్లబడిన స్లాబు పైభాగం అరవై డిగ్రీల దరిదాపుకు పోతుంది. పాచి పట్టి నల్లబడిన సిమెంటు తన మీద పడిన ఎండలో కొంచెమే తిప్పి పంపుతుంది. క్రొత్తగా వేసిన తెల్లని సున్నమైతే నాలుగింట మూడు వంతుల దాకా తిప్పి పంపుతుంది. రహస్యం ఇంతే.

మేము పిడుగురాళ్ళ సున్నం తెప్పించి, యౌవనస్థుల చేత రెండు శనివారములు పని చేయించాము. మీరు పల్నాటివారు గనుక సున్నం గురించి మీకు మేము చెప్పడం హాస్యాస్పదం. బట్టీలు మీ ప్రాంతములోనే ఉన్నాయి. అయినా క్రొత్తగా చేసేవారి కోసం చెబుతున్నాము. మార్చిలో స్లాబును శుభ్రంగా కడిగి ఆరనివ్వాలి. సున్నం రాత్రంతా నానబెట్టి, పలుచని గుడ్డలో వడగట్టి, కొంచెం తెల్ల సిమెంటు, జిగురు కలిపి రెండు మూడు పూతలు వేయాలి. ఒక పూత ఆరిన తరువాతనే ఇంకొకటి. కంటిలో పడితే చాలా ప్రమాదం, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి. పని చేసేవారు కళ్ళజోడు పెట్టుకోవాలి. వానాకాలం వెళ్ళేసరికి పూత సగం పోతుంది, ప్రతి సంవత్సరం మళ్ళీ వేయవలసిందే. మాకు సామానుకు మూడు వేల రూపాయలు దాటలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు లోపల ముందు ముప్పది తొమ్మిది చూపించిన థర్మామీటరు, సుమారు అంతే ఎండ ఉన్న రోజున ముప్పది ఆరు చూపించింది. మూడు డిగ్రీలు చిన్న మాటగా కనబడవచ్చు. సాయంకాల కూడిక మళ్ళీ లోపలికి వచ్చింది.

ఇది మేము కనిపెట్టిన వింత కాదు. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానము ఒకటి ప్రకటించింది. 2028 వరకు అమలు చేయవలసిన విధానము అది. ఆరు వందల చదరపు గజములు, అంతకు పైబడిన స్థలములో కట్టే ఇళ్ళకు, ప్రభుత్వ భవనములకు, వ్యాపార భవనములకు ఇట్టి కప్పు ఉండాలని, చిన్న ఇళ్ళకు వారి ఇష్టమని అందులో ఉంది. ఎండకు ఎక్కువగా కాలేది చిన్న ఇళ్ళే గదా అని మాకు అనిపించింది. వారికి బలవంతం వద్దు, సహాయం కావాలి. 2015 మే నెల వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాలలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో కూలివారు, వృద్ధులు ఎక్కువ.

ఇదంతా చదివి, మట్టి మిద్దె, తాటాకు ఇల్లే మేలని ఎవరైనా అంటారేమో. మేము అనము. తాటాకు క్రింద నిజంగానే చల్లగా ఉంటుంది, ఒక నిప్పురవ్వ పడితే వాడంతా పోతుంది గూడా. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు వేల మంది కొట్టుకుపోయారు. ఆ తరువాత తీరములో పక్కా ఇళ్ళు, తుఫాను షెల్టర్లు కట్టించారు. మన తల్లిదండ్రులకు స్లాబు అంటే అంత గౌరవం ఎందుకో దీనిని బట్టి తెలుస్తుంది. గౌరవం ఉండనివ్వండి. దాని నెత్తి మీద తెల్లగా ఏదైనా కప్పండి, అంతే.

ఇట్టి విషయములలో మాకు ఎంతో నేర్పిన పేరు లారీ బేకర్. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో 1917లో పుట్టి, క్వేకరు విశ్వాసిగా, కుష్ఠురోగుల సేవ చేసే మిషను తరఫున 1945లో మన దేశమునకు వచ్చిన ఆర్కిటెక్టు ఆయన. కేరళకు చెందిన వైద్యురాలిని వివాహము చేసుకొని, మొదట హిమాలయముల ప్రక్క పితోరాగఢ్‌లో, తరువాత తిరువనంతపురములో ఉండి, 2007లో అక్కడే నిద్రించారు. ఆసుపత్రి కట్టడానికి వచ్చిన మనిషి చివరకు బీదల ఇళ్ళ మేస్త్రి అయ్యారు. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే గోడ ఆయన విరివిగా కట్టారు. ఇటుక నాలుగో వంతు ఆదా అవుతుంది, మధ్యనున్న గాలి ఎండను అడ్డుతుంది. స్లాబు అడుగు భాగములో కాంక్రీటు బలానికి అవసరం లేని చోట పాత పెంకులు పేర్చి పోయించేవారు. కాంక్రీటు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. ఆయన కట్టిన గుడి కిటికీలకు అద్దములు లేవు, గోడలోనే జల్లెడ వంటి రంధ్రములు. సహోదరీ, మీ స్లాబు ఇంకా పోయలేదు గనుక పెంకుల స్లాబు ఆశ పుట్టవచ్చు. అలవాటు లేని మేస్త్రితో మాత్రం చేయించకండి. ఇనుము ఎక్కడ కట్టాలో తెలిసిన ఇంజనీరు దగ్గరుంటేనే.

చలి దేశములలో ఉన్న మన పిల్లలు వేరే రకముగా ఇదే లెక్క వేసుకుంటున్నారు. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మా బంధువుల అబ్బాయి, మొదటి శీతాకాలము గ్యాసు బిల్లు చూసి కంగారుపడి, అటక మీద దూది వంటి పొర మరింత మందముగా పరిపించాడు. వెచ్చదనము బయటకు పోకుండా ముందు ఆపాలి, తరువాతనే కుంపటి పెంచాలి. యూదా రాజు యెహోయాకీము చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చున్నాడని యిర్మీయా గ్రంథములో (36:22) చదువుతాము. రాజులకు చలికాలానికి ఒక నగరు, వేసవికి ఒక నగరు ఉండేవి. మనకు రెండు కాలములకూ ఒకటే ఇల్లు. అప్పు కూడా ఒకటే అయితే మేలు.

ఇప్పుడు మీ డెబ్బై వేల సంగతి. ఏ.సి. పాపమని మేము చెప్పము. కొందరు సేవకులు సుఖము అనగానే గద్దిస్తారు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో కదలలేని మనిషికి చల్లని గది ఆడంబరము కాదు, మందు వంటిది. మీ కుమారుడు కోరినది ప్రేమతో కోరినదే. అయితే వరుస మార్చండి.

మొదట, గోడలు లింటెల్ మీద నుండి మరో అడుగు ఎత్తు లేపించండి. నాలుగు వరసల ఇటుక. ప్రతి గదిలో ఎదురెదురుగా పైభాగమున వెంటిలేటర్లు పెట్టించండి. వేడి గాలి పైకి పోతుంది, దానికి దారి కావాలి. పిచ్చుకల భయముంటే ఇనుప జాలీ వేయించండి. మేము కట్టిన గోడను తరువాత పగులగొట్టి పెట్టించాము, దానికి మూడింతలు అయింది. దుమ్ము వారం రోజులు.

మీ భర్తగారి గది పడమటి వైపున అని వ్రాశారు. వీలైతే ఆయనను తూర్పు గదికి మార్చండి, ఇది ఖర్చు లేని పని. వీలుకాకపోతే పడమటి గోడకు నాలుగు అడుగుల పంచ దింపించండి, తాటాకు పందిరి అయినా ఫరవాలేదు, పొయ్యికి దూరముగా. మాచర్ల నాపరాళ్ళు మీకు దగ్గరే గనుక పంచకు అవే వేయించవచ్చు. పందిరి ప్రక్కన ఒక కానుగ మొక్క నాటండి. వాస్తు ప్రకారం పడమట కిటికీ ఉండకూడదనో, ఉండాలనో ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. వాస్తు నమ్మము అని సాక్ష్యమిచ్చే మన విశ్వాసులే మేస్త్రి ఒక్క మాట అనగానే కిటికీ మార్చుకోవడం చూశాము. గాలి ఎటు నుండి వస్తుందో మీకు తెలుసు, అటు పెట్టించుకోండి.

స్లాబు పోసి, నీళ్ళు కట్టడం పూర్తయి, బాగా ఆరిన తరువాత సున్నం. చేతిలో డబ్బు ఆడితే సున్నమునకు బదులు విరిగిన తెల్ల టైలు ముక్కలు సిమెంటులో పరిపించండి, చాలా సంవత్సరములు ఉంటాయి. నీరు నిలువకుండా వాటం చూసుకోండి.

ఆయన గదిలో ఫ్యాను రాత్రింబగళ్ళు తిరగవలసిందే. పాత రకము ఫ్యాను డెబ్బై ఐదు వాట్లు. రోజంతా తిరిగితే నెలకు యాభై నాలుగు యూనిట్లు. ఇప్పుడు వచ్చే బి.ఎల్.డి.సి. రకము ముప్పై వాట్లు, నెలకు ఇరవై రెండు యూనిట్లు చాలు. ధర ఎక్కువ, అయినా మీ ఇంటిలో అది త్వరగానే తిరిగి వస్తుంది. ఒక హెచ్చరిక. ఫ్యాను గాలిని చల్లబరచదు, ఒంటి మీది చెమటను ఆర్పుతుంది. గది వేడి మన ఒంటి వేడిని దాటినప్పుడు అది వడగాలినే విసురుతుంది. అప్పుడు ఒంటికి తడి గుడ్డ వేయాలి. ఆయన మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతూ చెమట పట్టకపోయినా, ప్రార్థన చేస్తూనే ఆసుపత్రికి బయలుదేరండి.

మీది పొడి ఎండ గనుక నీళ్ళ కూలరు బాగా పని చేస్తుంది. బందరు, కాకినాడ వంటి తీర ప్రాంతములవారు ఈ సలహా పట్టించుకోవద్దు, అక్కడ గాలిలోనే తడి ఉంటుంది గనుక కూలరు ఉక్కపోతను పెంచుతుంది. కిటికీలు పగలు పది గంటల నుండి మూసి, రాత్రి తెరవండి. మన ఊళ్ళలో దీనికి తలక్రిందులుగా చేస్తారు. దొంగల భయము, దోమల భయము. దోమల జాలీ బిగిస్తే ఒక భయము తీరుతుంది.

ఇవన్నీ అయిన తరువాత మా అంచనాలో సగము డబ్బు దగ్గర దగ్గరగా మిగలాలి, మీ ఊరి కూలి రేట్లను బట్టి కొంచెం అటూ ఇటూ. దానితో ఆయన గదికి మాత్రము ఒక టన్ను ఏ.సి. పెట్టించండి. కప్పు కాలకపోతే చిన్న గదికి టన్నున్నర అవసరం ఉండదు. రోజుకు ఎనిమిది గంటలు నడిపితే ఆరేడు యూనిట్లు. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిటు ధర కూడా పెరుగుతుందని మరువకండి, అందుకే ఏప్రిల్, మే, జూన్ మాత్రమే అనుకోండి. ఇరవై నాలుగు డిగ్రీల కంటె క్రిందికి దించకండి. ఒక్కొక్క డిగ్రీ పెంచితే కరెంటు సుమారు నూటికి ఆరు వంతులు తగ్గుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ చెబుతోంది. 2020 జనవరి నుండి క్రొత్త ఏ.సి.లు తెరవగానే ఇరవై నాలుగు వద్దనే మొదలు కావాలని నియమము పెట్టారు గూడా. ఇరవై ఏడు పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పితే పెద్దవారికి హాయిగా ఉంటుంది. ఏ.సి. గాలి నేరుగా ఆయన చచ్చుబడిన చేతి మీద పడకుండా చూడండి. ఆ ప్రక్క చలి తగిలినా ఆయనకు తెలియకపోవచ్చు.

మీ కుమారుడు వచ్చే సంవత్సరం సెలవుకు వచ్చినప్పుడు సోలారు పలకల గురించి విచారించమనండి. 2024లో మొదలైన కేంద్ర పథకములో మూడు కిలోవాట్ల వరకు ఇంటి కప్పు మీద పెట్టుకుంటే డెబ్బై ఎనిమిది వేల దాకా సబ్సిడీ ప్రకటించారు. పలకలు స్లాబుకు నీడ కూడా ఇస్తాయి. ఇప్పుడే అప్పు చేసి పెట్టవద్దు.

ఈ ఉత్తరము అచ్చయి మీ చేతికి వచ్చేసరికి ఆలస్యమవుతుందేమోనని, ముఖ్యమైన నాలుగు మాటలు పోస్టుకార్డు మీద విడిగా వ్రాసి పంపాము. అందినదో లేదో తెలియలేదు. సెంట్రింగు కర్రలు దించేలోపు మేస్త్రితో ఆ అడుగు ఎత్తు సంగతి, వెంటిలేటర్ల సంగతి మాట్లాడండి. అతడు ఎంత అడిగాడో మాకు వ్రాయండి.